ఏ దినం ఎవరిది? పుట్టపర్తి క్యాలెండరు చెప్పే సంగతులు

2025 నవంబరు 23 ఆదివారం. ఆ రోజు పుట్టపర్తిలో సత్యసాయిబాబా శతజయంతి. ప్రధానమంత్రి నాలుగు రోజుల ముందే, 19వ తేదీన, వచ్చి వెళ్ళారు. దేశదేశాల నుండి వచ్చిన భక్తులతో ఊరు నిండిపోయింది. అదే ఆదివారం కతోలిక సంఘంలోనూ, ఆగమన కాలాన్ని పాటించే మరికొన్ని సంఘాలలోనూ క్రీస్తు రాజు పండుగ. ఆ పండుగను 11వ పయస్ పోపుగారు 1925లో ఏర్పాటు చేశారు గనుక దానికీ అది నూరో ఏడే. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, బాబాగారు కన్నుమూసిన 2011 ఏప్రిల్ 24 కూడా ఆదివారమే. అది క్రీస్తు పునరుత్థాన దినం, ఈస్టరు. ఊరంతా దుఃఖంలో మునిగిన ఆ ఉదయాన చిత్రావతి ఒడ్డున ఉన్న మన కొద్దిపాటి సంఘాలు పునరుత్థాన ఆరాధన జరుపుకోవలసిన రోజు.

ఇవన్నీ కాకతాళీయాలే. వీటిలో గూఢార్థాలు వెతకనక్కరలేదు. అయితే ఒకే తేదీ మీద ఇద్దరికి రెండు పండుగలు పడే ఊళ్ళో బతికే విశ్వాసికి కొన్ని ప్రశ్నలు తప్పవు. పక్కింటివారు పంపిన ప్రసాదాన్ని ఏం చేయాలి? వినాయక చవితి చందాకు గుమ్మం ముందుకు వచ్చిన పిల్లలకు ఏం చెప్పాలి? ఉగాది పచ్చడి మతమా, ఆచారమా? ఆగస్టు 15న జెండా వందనానికి వెళ్ళినట్టే నవంబరు 23న ఊరి ఉత్సవానికీ వెళ్ళవచ్చా? ఈ ప్రశ్నలకు ఒక్క మాటలో జవాబు చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. జవాబు కంటే ముందు పండుగ అంటే ఏమిటో, ఎన్ని రకాలో తెలుసుకోవడం మంచిది.

తెలుగులో సెలవుకూ పండుగకూ తేడా ఉంది. సెలవు ప్రభుత్వం ఇస్తుంది, పండుగ జనం చేసుకుంటారు. మన దేశమంతటా తప్పనిసరి జాతీయ సెలవులు మూడే: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2. మిగతావన్నీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఏటా జీవో ఇచ్చి ప్రకటించేవి. అందులో సాధారణ సెలవులు ఒక జాబితా, ఉద్యోగి తనకు కావలసిన కొన్నిటిని ఎంచుకునే ఐచ్ఛిక సెలవులు ఇంకో జాబితా. బ్యాంకులకు సెలవు ప్రకటించే అధికారం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం నుండి వస్తుంది. చెక్కులకూ హుండీలకూ చేసిన చట్టమే మన గుడ్ ఫ్రైడే సెలవుకు ఆధారమంటే నవ్వు వస్తుంది గాని, సంగతి అదే. తెలంగాణలో క్రిస్మసు మరునాడు కూడా సాధారణ సెలవు. ఈస్టరు ఎప్పుడూ ఆదివారమే గనుక దానికి ప్రత్యేకంగా జీవో అవసరం లేదు.

సెలవు లేనంత మాత్రాన పండుగ ఆగదు. అయితే సెలవు జాబితాలో ఉన్నామా లేదా అన్నది అల్పసంఖ్యాకులకు చిన్న విషయం కాదు. 2015లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తుల సమావేశాన్ని ఏప్రిల్ 3న ప్రారంభమయ్యేటట్టు పెట్టారు. ఆ రోజు గుడ్ ఫ్రైడే. కుటుంబంతో ఆరాధనలో ఉండవలసిన దినమని న్యాయమూర్తి కురియన్ జోసెఫ్ లేఖ రాశారు. ఆ లేఖ మీద దేశమంతా చర్చ జరిగింది. తన పండుగను ఇతరులు గుర్తుపెట్టుకోవాలని కోరే మనం, ఇతరుల పండుగ ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో తెలుసుకోకపోతే ఎలా?

తేదీల సంగతి ఒకసారి చూద్దాం. సంఘంలో పిల్లలు తరచు అడిగేది ఇదే: క్రిస్మసు ఏటా ఒకే రోజు వస్తుంది, ఈస్టరు ఎందుకు కదులుతుంది? క్రిస్మసు సూర్యుని లెక్క. డిసెంబరు 25న క్రీస్తు జన్మదినం అన్న అతి పాత నమోదు క్రీ.శ. 354లో రోములో కూర్చిన ఒక పంచాంగంలో కనబడుతుంది. ఈస్టరు అలా కాదు. అది పస్కాతో ముడిపడింది, పస్కా చంద్రునితో ముడిపడింది. క్రీ.శ. 325లో నీకయ మహాసభ అన్ని సంఘాలూ ఒకే ఆదివారాన దాన్ని ఆచరించాలని నిర్ణయించింది. ఆ తరువాత స్థిరపడిన లెక్క ఇది: మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం. అందుచేత ఈస్టరు మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. 2024లో మార్చి 31, 2025లో ఏప్రిల్ 20, 2026లో ఏప్రిల్ 5. తూర్పు సంఘాలలో చాలామంది పాత జూలియన్ క్యాలెండరును పట్టుకున్నారు గనుక వారి ఈస్టరు తరచు మనకంటే వెనుక వస్తుంది. నీకయ సభకు 1700 ఏళ్ళు నిండిన 2025లో మాత్రం రెండూ ఒకే రోజు పడ్డాయి.

ఇక మన పొరుగువారి లెక్క. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. అది చంద్రుని నెల, కాని సూర్యుని ఏడాదికి దూరంగా జారిపోకుండా రెండున్నర, మూడేళ్ళకొకసారి అధిక మాసం చేరుస్తారు. యూదుల పంచాంగంలోనూ ఇలాగే అధిక మాసం ఉంది. అందుకే ఉగాదీ ఈస్టరూ రెండూ కదిలినా, వసంతం గట్టు దాటి బయటికి పోవు. సంక్రాంతి సూర్యుని లెక్క, జనవరి 14 లేక 15. రంజాను, బక్రీదు, మొహర్రం మాత్రం పూర్తిగా చంద్రుని లెక్క. హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే, అధిక మాసం లేదు. కనుక ఏటా సుమారు 11 రోజులు ముందుకు వస్తూ, ముప్పై మూడేళ్ళలో అన్ని ఋతువులూ చుట్టి వస్తాయి. 2025లో ఉగాది మార్చి 30, రంజాను పండుగ మరునాడే. ఒకరు షడ్రుచులు కలుపుతుంటే పక్కవీధిలో షీర్ ఖుర్మాకు సేమియాలు వేయించారు.

బైబిలు పండుగలను మనం అన్నీ ఒకే రకమనుకుంటాం. కాదు. లేవీయకాండము 23వ అధ్యాయంలోనివి దేవుడు నియమించినవి: పస్కా, పులియని రొట్టెలు, ప్రథమఫలాలు, వారముల పండుగ, పర్ణశాలల పండుగ. వీటిలోనూ సగం పొలం పనితో కలిసినవే. ప్రథమఫలాలు యవల కోతకు, వారముల పండుగ గోధుమ కోతకు, పర్ణశాలల పండుగ ద్రాక్షల కాలానికి. అంటే మతపరమైన పండుగే పంట పండుగ కూడా. పూరీము అలా కాదు. అది ఎస్తేరు కాలంలో జనం బతికి బయటపడినందుకు మొర్దెకై, ఎస్తేరు ఉత్తరాలు రాసి ఏర్పరచినది. ఈ నాటి మాటల్లో చెప్పాలంటే జాతీయ పండుగ. మూడవది యోహాను సువార్త 10వ అధ్యాయంలో చలికాలంలో వచ్చే ఆలయ ప్రతిష్ఠిత పండుగ. మక్కబీయులు అపవిత్రమైన దేవాలయాన్ని క్రీ.పూ. 164లో తిరిగి ప్రతిష్ఠించుకున్న జ్ఞాపకం. ధర్మశాస్త్రంలో అది లేదు. అయినా ప్రభువు ఆ దినాల్లో యెరూషలేములో, సొలొమోను మంటపంలో ఉన్నాడని యోహాను రాశాడు. ధర్మశాస్త్రం ఆజ్ఞాపించని ఒక జాతీయ జ్ఞాపకదినాన ఆయన జనానికి దూరంగా ఉండలేదు. ఆ వచనాన్ని మన ప్రసంగాల్లో దాటవేసి ముందుకు పోతాం, కాని జెండా పండుగ గురించి అడిగేవారికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు.

జాతీయం, సాంస్కృతికం, మతపరం అన్న విభజన కాగితం మీద తేలికే. నేల మీద అది కలగలిసిపోతుంది. అందుకు మన అనంతపురం సీమలోని పీర్ల పండుగే చాలు. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు హుస్సేను హతమైన సంతాపదినం మొహర్రం. నార్పల మండలం గూగూడులో అదే కుళ్ళాయిస్వామి ఉత్సవం. అక్కడ పీర్లను ఎత్తుకునేవారిలో, అగ్నిగుండం తొక్కేవారిలో హిందువులే ఎక్కువ. ఈ జిల్లాల్లో కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అన్న పేర్లు ఇంటింటా వినబడతాయంటే కారణం ఆ ఊరే. ముస్లిం పండితులలో చాలామందికి ఈ తీరు నచ్చదు. ఇది ఇస్లామా, హిందూ ధర్మమా, పల్లె ఆచారమా అని అడిగితే ఊరివాళ్ళు మన వైపు వింతగా చూస్తారు. ఇదే మొహర్రం కూలీల ఓడలెక్కి ట్రినిడాడు చేరి 'హోసే' అయింది. అక్కడి చెరకు తోటల కూలీలు, హిందువులూ ముస్లిములూ కలిసి, తాజియాలతో ఊరేగింపు తీసేవారు. 1884లో బ్రిటిషు ప్రభుత్వం ఊరేగింపు పట్టణంలోకి రాకూడదని ఆంక్ష పెట్టి, దాటినవారి మీద కాల్పులు జరిపింది. సంతాపదినాన మరో సంతాపం.

ఓడలెక్కిన తెలుగువారి మాట వచ్చింది గనుక మారిషస్ సంగతీ చెప్పాలి. కోరంగి రేవు నుండి వెళ్ళినందున అక్కడ మనవాళ్ళకు కోరంగీలు అన్న పేరు పడింది. ఆ చిన్న ద్వీపంలో ఉగాది జాతీయ సెలవు. తెలుగువారికి ఉగాది, తమిళులకు తైపూసం కావడి, చైనీయులకు వసంత పండుగ, ముస్లిములకు ఈదు, హిందువులకు మహాశివరాత్రి, దీపావళి, క్రైస్తవులకు క్రిస్మసు. వీటితో పాటు ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన దినం, నవంబరు 2న ఒప్పంద కూలీలు వచ్చి దిగిన దినం, మార్చి 12న స్వాతంత్ర్య దినం. తమ తాతలు గొలుసులతో వచ్చిన దినాన్నీ, కూలి ఒప్పందంతో వచ్చిన దినాన్నీ సెలవు జాబితాలో పెట్టుకున్న దేశాలు ఎక్కువ లేవు. మన దగ్గర కరువు దినం అంటూ ఒకటి లేదు. 1876లో మొదలైన ధాత కరువులో రాయలసీమ ఎంత నష్టపోయిందో జనం నోళ్ళలో ఉంది గాని, ఏ క్యాలెండరులోనూ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. పొరుగువారి ఆచారం ఎక్కడి వరకు ఆచారం, ఎక్కడి నుండి ఆరాధన? సంఘ చరిత్రలో ఈ ప్రశ్న మీద జరిగినంత పోరాటం చాలా తక్కువ విషయాల మీద జరిగింది. చైనాలో 1600ల నాటి జెసూట్ గురువులు, మత్తెయో రిచ్చి మొదలుకొని, పితరుల పలకల ముందు వంగి నమస్కరించడం కుటుంబ మర్యాదే గాని ఆరాధన కాదన్నారు. వేరే సభల గురువులు కాదు, అది విగ్రహారాధనే అన్నారు. తగవు రోము దాకా వెళ్ళింది. 1715లో 11వ క్లెమెంట్ పోపుగారు నిషేధించారు. 1742లో 14వ బెనెడిక్ట్ ఆ నిషేధాన్ని మరింత బిగించి, ఇక చర్చే వద్దన్నారు. ఈలోగా చైనా చక్రవర్తి కోపించి మిషనరీలను కట్టడి చేశాడు. దాదాపు రెండు వందల ఏళ్ళ తరువాత, 1939లో, 12వ పయస్ కాలంలో, అవి పౌరమర్యాదలే అని రోము అనుమతించింది. ఆ మధ్యకాలంలో తండ్రికి నమస్కరించకుండా, సంఘాన్ని విడవకుండా నలిగిపోయినవారి లెక్క ఎవరూ తీయలేదు. కొరియా ప్రొటెస్టెంటులు ఇంకో దారి తొక్కారు. చుసోక్ పండుగనాడు పితరులకు నైవేద్యం పెట్టే జేసా మానేసి, ఆ రోజునే కుటుంబమంతా కూడి ప్రార్థన, పాట, వాక్యంతో స్మారక ఆరాధన జరుపుకుంటారు. దినం విడువలేదు, ఇంటివారిని విడువలేదు, క్రియ మార్చారు.

చైనా సంగతి మనకెందుకు అనుకోవద్దు. ప్రశాంతి నిలయంలో చైనీయుల కొత్త సంవత్సరం కూడా జరుగుతుంది, మలేషియా, సింగపూరు వంటి దేశాల భక్తులు వచ్చి జరుపుతారు. క్రిస్మసు కూడా జరుగుతుంది. విదేశీ భక్తులు కొవ్వొత్తులు పట్టుకొని కెరోల్సు పాడతారు. అక్కడి సర్వధర్మ చిహ్నంలో సిలువ ఒక రేకులో ఉంది. మన సంఘస్థులలో కొందరికి ఇది సంతోషం, కొందరికి బాధ. మా అభిప్రాయం చెబుతాం. మన పండుగను ఇతరులు గౌరవంగా జరిపితే కోపగించుకోవడం తగదు. అయితే క్రిస్మసు అన్న పేరు ఒకటే అయినా అర్థం ఒకటి కాదు. అన్ని మార్గాలూ ఒకటే అన్న బోధకు గుర్తుగా వారు సిలువను నిలిపితే, మనం సిలువను చాటేది వేరే భావంతో. ఈ తేడాను కోపం లేకుండా, నీళ్ళు కలపకుండా పిల్లలకు చెప్పవచ్చు.

నీళ్ళ మాట వచ్చింది. అనంతపురం సీమలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దింపుకుంటాయి, ఈశాన్యం ఇక్కడిదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం ఈ జిల్లాలో ఏడు వందలకు పైగా పల్లెలకు నీరందించింది. 1999 నవంబరు 23న తపాలా శాఖ దాని మీద బిళ్ళ విడుదల చేసింది. ఆ పల్లెల్లో మన విశ్వాసులూ ఉన్నారు, మన బాప్తిస్మపు తొట్లలోకీ ఆ నీరే వచ్చి ఉండవచ్చు. ఆయనను దేవుడని మనం అనం. ఆ నీటికి కృతజ్ఞత చెప్పకపోతే మాత్రం మర్యాద తెలియనివాళ్ళమవుతాం. నవంబరు 23న ఊరివారికి దారిలో మంచినీళ్ళు అందించడం, ట్రాఫిక్కు ఇబ్బంది కాకుండా ఆరాధన వేళను కాస్త ముందుకు జరుపుకోవడం ఏ ఆజ్ఞకూ విరుద్ధం కాదు. పాదపూజకు, హారతికి వెళ్ళడం వేరే సంగతి.

ప్రసాదం గురించి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8 నుండి 10 అధ్యాయాల వరకు ఓపికగా వివరించాడు. విగ్రహం వట్టిదే. కాని బలిపీఠం దగ్గర కూర్చొని పాలివారు కావడం వేరు. అంగడిలో కొన్నదాన్ని ప్రశ్నించక తినవచ్చు. పొరుగువాడు పిలిచిన భోజనానికి వెళ్ళవచ్చు. అయితే ఇది అర్పించినదని ఒకడు చెబితే, చెప్పినవాని మనస్సాక్షి కోసం మానాలి. అంటే ఈ విషయంలో కేంద్రం తిండి కాదు, ఎదుటి మనిషి. నిన్న మొన్న విశ్వాసంలోకి వచ్చిన తమ్ముడు తడబడితే ఒక జవాబు, తలుపు దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడిన ముసలి అత్తమ్మకు ఇంకో జవాబు. 'ఇంట్లో పెట్టండమ్మా, దండాలు, మీరు బాగుండాలి' అని ఆప్యాయంగా మాట్లాడి, అర్పించినది తినని సంగతి నెమ్మదిగా చెబితే మన పల్లెల్లో చెడిన చుట్టరికాలు తక్కువ. ముఖం మీద తలుపు వేసినందుకు చెడినవి చాలా ఉన్నాయి. మనం పంచే క్రిస్మసు కేకును వాళ్ళు ఏ ప్రశ్నా వేయకుండా తింటున్నారని కూడా గుర్తుంచుకోవాలి.

చివరిగా మన సొంత పండుగ, కోత పండుగ. ఇది మనకు ఇంగ్లాండు నుండి మిషనరీల వెంట వచ్చింది. కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో అనే పల్లెలో రాబర్టు హాకర్ అనే గురువు 1843లో సంఘాన్ని పిలిచి కోతకు స్తుతి చెల్లించడంతో ఈ నాటి రూపం మొదలైంది. అమెరికాలో థాంక్స్‌గివింగు నవంబరు నాలుగో గురువారం, కెనడాలో అక్టోబరు రెండో సోమవారం. మన తెలుగు సంఘాలలో వరి బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, ఇంటి పెరటి బెండకాయలు బలిపీఠం ముందుకు వస్తాయి, ఆరాధన అయ్యాక వేలం పాట. కోనసీమలో ఇది కళకళలాడుతుంది. మన మెట్టభూమిలో జూనులో, జూలైలో వేరుశనగ విత్తి, వాన ముఖం చాటేస్తే, అక్టోబరుకు ఊడలు దిగని చెట్టే చేతికి వస్తుంది. అప్పు తీర్చలేనివారు కుటుంబాలతో బెంగళూరు బాట పడతారు. బల్ల ముందు పెట్టడానికి ఏమీ లేనివాడు ఆ ఆదివారం గుడికి రావడానికే సిగ్గుపడతాడు.

దీని గురించి ధర్మశాస్త్రం ముందే ఆలోచించింది. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో వారముల పండుగ, పర్ణశాలల పండుగ గురించి చెబుతూ ఎవరెవరు సంతోషించాలో జాబితా ఇస్తుంది: కుమారులు, కుమార్తెలు, దాసదాసీలు, లేవీయులు, పరదేశులు, తండ్రి లేనివారు, విధవరాండ్రు. ఈ జాబితాలో సగంమందికి సొంత పొలమే లేదు. పంట ఉన్నవానికే పండుగ అని ఎక్కడా రాయలేదు. ఇచ్చేది ఎంత అన్నదానికీ, దేవుడు దీవించిన కొలదీ అన్న కొలతే ఉంది. ఏమీ పండని ఏడాది వేలం పాట మానేసి, ఉన్నవారు తెచ్చిన దానిని లేనివారికి పంచిపెట్టడం ఈ అధ్యాయానికి దగ్గరి పని. వేలంలో ఎక్కువ పాడినవారి పేరు మైకులో చదివే అలవాటు కూడా కరువు సంవత్సరాలలో మానుకోదగినదే.

వలస వెళ్ళినవారి కోసం తేదీ మార్చుకోవచ్చా అని అడిగే సంఘ పెద్దలకు సంఖ్యాకాండము 9వ అధ్యాయం చూపించవచ్చు. పస్కా వంటి మహా పండుగకే, దూరప్రయాణంలో ఉండి ఆ దినాన రాలేకపోయినవారికి రెండవ నెల పదునాలుగవ దినాన ఆచరించే వీలు ఇచ్చారు. మన కోత పండుగకు అటువంటి కట్టడే లేదు. అక్టోబరు ఆఖరి ఆదివారం సగం బల్లలు ఖాళీగా ఉన్న గుడిలో జరిపే కంటే, క్రిస్మసుకు జనం బస్సులు దిగి ఊరు చేరాక, డిసెంబరు 26న గాని, కొత్త సంవత్సరపు మొదటి ఆదివారాన గాని పెట్టుకుంటే బెంగళూరు తాపీ పని నుండి వచ్చినవాడు తన కూలి నుండి పది రూపాయలు తెచ్చి పెడతాడు. పల్లెలో పొలం చూసుకుంటూ ఉండిపోయిన ముసలితల్లి దోసెడు కాయలు తెచ్చి పెడుతుంది. ఏ తేదీ అన్నది పెద్దలు సెప్టెంబరులోనే, వేరుశనగ చేలు ఒకసారి చూసి వచ్చాక, నిర్ణయించుకోవచ్చు.